ఫోటోషాప్ సిస్టమ్‌కి 32 జీబీ ర్యామ్ వేయాలా, 3600 స్పీడ్ ర్యామ్ వేయాలా?

భీమవరం ఫోటోగ్రాఫర్:

అందరికీ నమస్కారమండి. భీమవరంలో మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. ఆల్బమ్ డిజైనింగ్ బయటికి ఇవ్వం, మేమే చేసుకుంటాం. దానికి వాడే సిస్టమ్ ఇదండి: ఐ5 10400 ప్రాసెసర్, హెచ్410 బోర్డు, 8+8 మొత్తం 16 జీబీ డీడీఆర్4 2666 ర్యామ్, సీ డ్రైవ్‌కి 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, ఫోటోలు దాచుకోవడానికి 4 టీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఆల్బమ్ షీట్లు 12×36 సైజులో, 300 డీపీఐలో చేస్తాం. ఒక షీటు తెరిస్తే బాగానే ఉంటుంది. రెండో షీటు, మూడో షీటు తెరిచి, పక్కన వాట్సాప్ వెబ్, క్రోమ్‌లో ఆన్‌లైన్ సెలెక్షన్ పేజీ కూడా తెరిచానంటే ఇక బ్రష్ గీస్తే గీత అర నిమిషం తర్వాత పడుతుంది. లేయర్ పక్కకి జరిపితే స్క్రీన్ తెల్లబోతుంది. పెళ్లికూతురి వాళ్ల పెద్దమ్మగారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "ఈ ఫోటో తీసి ఆ ఫోటో పెట్టు బాబూ" అంటారు. అది పెట్టేలోపు ఆవిడ ఇంకో మూడు మార్పులు చెప్పేస్తారు. మాఘమాసం పెళ్లిళ్ల ఆల్బమ్‌లు వరసగా ఇవ్వాలి, నిజంగా టెన్షన్‌గా ఉందండి.

విజయవాడలో ఒక షాపులో అడిగితే, "16 జీబీ మీకు చాలు సార్, మీకు లేనిది స్పీడు" అని 3600 స్పీడున్న 8+8 కిట్ వేసుకోమన్నారు. మా ఊళ్లో సిస్టమ్‌లు చూసే అబ్బాయేమో మామూలు ర్యామే 16+16 వేసుకోమంటున్నాడు. పాతవి తీసుకుంటే రెండిటికీ ఇంచుమించు ఒకటే ధర పడుతోంది. ఇప్పుడు ర్యామ్ ధరలు ఎలా ఉన్నాయో మీకు తెలుసు, రెండుసార్లు కొనే స్తోమత నాకు లేదు.

నాకున్న అనుమానం ఇది. 2666 నుంచి 3600కి వెళ్తే లెక్క ప్రకారం మూడో వంతు పైగా వేగం పెరగాలి కదా? అంత పెరిగితే 16 జీబీయే సరిపోతుందేమో? తెలిసినవాళ్లు చెప్పగలరు.

హనుమకొండ సర్వీసు:

నమస్తే అన్నా. ముందు మీ బోర్డు సంగతి చెప్తాను, ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది.

హెచ్410 బోర్డు మీద 10400 ఉంటే ర్యామ్ 2666 దాటి నడవదు. మీరు 3600ది వేసినా, 4000ది వేసినా అంతే. ఆ తరంలో ఐ5కి ఇంటెల్ పెట్టిన హద్దు 2666, ఐ7, ఐ9కి 2933. అది దాటించాలంటే అప్పట్లో జెడ్490 బోర్డు ఒక్కటే దిక్కు. 2021లో బీ560 బోర్డులు వచ్చాకే మధ్య రకం బోర్డులకి ఆ అవకాశం దొరికింది.

ఇంకో మాట. డబ్బా మీద 3600 అని ఉన్నది ఎక్స్‌ఎంపీ స్పీడు, అంటే కంపెనీ పరీక్షించి ఇచ్చిన ఓవర్‌క్లాక్ (మామూలు హద్దు దాటించిన స్పీడు). డీడీఆర్4కి జెడెక్ (మెమరీ ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం 3200 దగ్గరే ఆగిపోతుంది. ఎక్స్‌ఎంపీ నడవని బోర్డులో ఆ స్టిక్కు తనలో రాసి ఉన్న మామూలు జెడెక్ స్పీడుకి దిగిపోతుంది. కొన్ని 3600 కిట్లలో అది 2666 ఉంటుంది, కొన్నిట్లో 2400, కొన్నిట్లో 2133. అంటే కొత్త కిట్ పెట్టాక మీ సిస్టమ్ ఇప్పటికంటే నెమ్మదిగా నడిచినా ఆశ్చర్యం లేదు. మీ బోర్డు ఏదో అడగకుండా మీకు 3600 చెప్పడం నాకు చాలా బాధగా ఉందన్నా. డబ్బు పెట్టేది మీరు.

ఇక మీ అసలు ప్రశ్న, వేగం పెరిగితే తక్కువ ర్యామే సరిపోతుందా అని. సరిపోదు. ఆ రెండూ ఒకదాని బదులు ఇంకొకటి వాడుకునేవి కావు. కల్లం చిన్నదై వడ్లు రోడ్డు మీద పోసుకునే పరిస్థితి వస్తే, కల్లంలో పార ఎంత జోరుగా ఆడించినా రోడ్డు మీద వడ్లు ఆరవు.

మీ షీటు లెక్కే చూద్దాం. 12×36 అంగుళాలు, 300 డీపీఐ అంటే 3600×10800 పిక్సెళ్లు, దాదాపు 3 కోట్ల 89 లక్షలు. పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున ఒక్క నిండు లేయరే 117 ఎంబీ దాకా వస్తుంది. 16 బిట్‌లో చేస్తే దానికి రెట్టింపు. బ్యాక్‌గ్రౌండ్, టెక్స్చర్, పూల డిజైను, నాలుగైదు ఫోటోలు, వాటి మాస్కులు, నీడలు, పేర్లు అన్నీ కలిపితే ఒక షీటు 2 జీబీ దాటడం మామూలే. దానికి తోడు హిస్టరీ ఉంది. ఫోటోషాప్ మామూలుగా 50 మెట్లు గుర్తుపెట్టుకుంటుంది, నిండు షీటు మీద మార్పు చేసినప్పుడల్లా దానికీ జాగా కావాలి. అలాంటి షీట్లు మూడు తెరిచారు. విండోస్‌కి మూడు నాలుగు జీబీ, క్రోమ్‌కి రెండు మూడు జీబీ పోనివ్వండి. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి డిస్‌ప్లే కూడా ఇదే ర్యామ్‌లోంచి కొంత తీసుకుంటుంది. 16 ఎక్కడ సరిపోతుందన్నా?

చాలనప్పుడు ఫోటోషాప్ ఆగిపోదు, మిగిలింది స్క్రాచ్ డిస్క్ మీదికి, అంటే తాత్కాలికంగా వాడుకోమని దానికి చూపించిన డ్రైవ్ మీదికి తోస్తుంది. విండోస్ కూడా పేజ్ ఫైల్ అని అదే పని చేస్తుంది. మీరు అనుభవించే నరకం అక్కడ మొదలవుతుంది. ర్యామ్‌లోంచి ఒక ముక్క తేవడానికి ప్రాసెసర్‌కి వంద నానో సెకండ్ల లోపే పడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే దాదాపు లక్ష నానో సెకండ్లు. హార్డ్ డిస్క్ అయితే కోటి. ఒకవైపు వెయ్యి రెట్లు, లక్ష రెట్లు తేడా. ఇంకోవైపు 2666కి 3600కి మధ్య ఉన్న మూడో వంతు తేడా. దేని కోసం డబ్బు పెట్టాలో మీరే చూడండి.

అయినా నా మాట నమ్మి కొనకండి, ముందు కొలవండి. మూడు షీట్లు తెరిచి, బాగా స్లో అయినప్పుడు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ చూడండి. ఇన్ యూజ్ (ఇప్పుడు నిండింది) ఎంత, కమిటెడ్ (ప్రోగ్రాములన్నీ కలిసి అడిగి పెట్టుకున్నది) ఎంత రాసుకోండి. ఫోటోషాప్ కిటికీలో కింద ఎడమవైపు డాక్యుమెంట్ సైజు చూపించే చోట చిన్న బాణం ఉంటుంది, అది నొక్కి ఎఫిషియెన్సీ పెట్టండి. 100 శాతం ఉంటే పనంతా ర్యామ్‌లోనే జరుగుతోంది. తగ్గితే స్క్రాచ్ డిస్క్‌కి పోతోంది. ఈ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి.

హాస్టల్ గేమర్:

అన్నా, కొంచెం అభ్యంతరం చెప్తున్నా. స్పీడ్ వల్ల లాభం లేదంటే నేను ఒప్పుకోను. నాది రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డు, కార్డు లేదు. కొన్నప్పుడు 8 జీబీ ఒకే స్టిక్కు ఉండేది, టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 2133 చూపించేది. ఇప్పుడు 8+8 వేసి 3200 మీద నడుపుతున్నా. అదే గేమ్, అదే సెట్టింగులు, పూర్తిగా వేరే సిస్టమ్‌లా ఉంది. ముందు గేమ్ ఆడుతుంటే 8 జీబీ నిండేది కూడా కాదు, అంటే కెపాసిటీ వల్ల వచ్చిన తేడా కాదు ఇది. అలాంటప్పుడు అందరికీ "ఎక్కువ జీబీ తీసుకో" అని చెప్పడం కరెక్ట్ కాదు కదా?

హనుమకొండ సర్వీసు:

తమ్ముడూ, నీ విషయంలో నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను చెప్పింది భీమవరం అన్న సిస్టమ్ గురించి, అందరి గురించీ కాదు.

నీ 5600జీలో ఉన్న వేగా గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు. విడి గ్రాఫిక్స్ కార్డు మీద పక్కనే వేగమైన మెమరీ అతికించి ఉంటుంది, నీ ప్రాసెసర్‌కి ఆ భాగ్యం లేక మామూలు ర్యామ్‌నే వాడుకోవాలి. ప్రతి ఫ్రేముకీ టెక్స్చర్లన్నీ ఆ దారినే రావాలి. ఒక్క స్టిక్కు 2133 మీద నడిస్తే ఆ దారి సెకనుకి 17 జీబీ. రెండు స్టిక్కులు 3200 మీద నడిస్తే 51 జీబీ. మూడు రెట్లు! దానికి నీ గేమ్ మారకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆ మూడు రెట్లలో రెండు రెట్లు స్టిక్కులు రెండు కావడం వల్ల వచ్చింది, స్పీడు వల్ల వచ్చింది మిగతా ఒకటిన్నర. జనం 3200, 3600 అని కొట్టుకుంటారు గానీ అన్నిటికంటే పెద్ద వేగం డ్యుయల్ చానల్, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి డేటా ఇవ్వడం. నా దగ్గరికి రిపేరుకొచ్చే కొత్త ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఒకే స్టిక్కు, పక్క స్లాటు ఖాళీ. ఆ ఖాళీ స్లాటులో అంతే సైజుది, మామూలుదే ఒకటి పెట్టుకుంటే కెపాసిటీ, వేగం రెండూ ఒకేసారి పెరుగుతాయి. అలాంటివాళ్లకి ఈ ప్రశ్నే అక్కర్లేదు.

ఇక విడిగా మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకి స్పీడు తేడా బాగా తగ్గిపోతుంది. ప్రాసెసర్‌లో క్యాష్ (దాని లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఎక్కువ ఉంటే ఇంకా తగ్గుతుంది. 2022లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది. దానికి ర్యామ్ దాకా వెళ్లే అవసరమే తక్కువ పడుతుంది.

స్పీడు కొనేవాళ్లు ఇంకోటి కూడా చూడాలి, దాని పక్కనే ఉండే సీఎల్ అంకె. అడిగాక మొదటి ముక్క రావడానికి పట్టే ఆలస్యాన్ని అది చెప్తుంది. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే నానో సెకండ్లు వస్తాయి. 3200 సీఎల్16 అంటే 10 నానో సెకండ్లు. 3600 సీఎల్18 అన్నా అదే 10. 3200 సీఎల్22 అంటే 13.75. చివరిది షాపుల్లో చవగ్గా దొరికే రకం. 3600 అన్న పెద్ద అంకె చూసి మురిసిపోయి సీఎల్ చూడకుండా కొంటే, డేటా వచ్చే దారి వెడల్పవుతుంది గానీ మొదటి ముక్క రావడానికి పట్టే సమయం తగ్గదు. రైజెన్ 5000 వరసలో లోపలి ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే దారి) ర్యామ్‌తో సమానంగా నడిచేది చాలా చిప్పుల్లో 3600 దాకానే. అది దాటాక సమానం తప్పిస్తే మొత్తం మీద ఆలస్యం పెరుగుతుంది. కాబట్టి నీ బీ450 లాంటి ఏఎం4 బోర్డుకి 3200 సీఎల్16 గానీ 3600 సీఎల్18 గానీ తీసుకుని ఊరుకోవడం మంచిది.

బెంగళూరు శారద:

ఈ చర్చ బాగుందండి. నాది మూడో రకం అవసరం, ఉపయోగపడుతుందేమో చెప్తాను.

నేను ఇంట్లో చిన్న ఏఐ భాషా మోడళ్లు నడుపుతుంటాను, పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో తప్పులు దిద్దడానికి. ప్రాసెసర్ రైజెన్ 7 5700ఎక్స్. ఈ పనిలో కెపాసిటీ, వేగం ఒకదాని వెనక ఒకటి వరసగా అడ్డుపడతాయి. ముందు మోడల్ ర్యామ్‌లో పట్టాలి. పట్టకపోతే పని జరగదంతే. పట్టిన తర్వాత మాత్రం వేగమే రాజు, ఎందుకంటే ఒక్కో టోకెన్ (మాట లేదా మాటలో ముక్క) పుట్టించడానికి మోడల్ మొత్తాన్నీ ర్యామ్‌లోంచి ఒకసారి చదవాలి.

లెక్క చాలా తేలిక. 800 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్‌లకి కుదిస్తే సుమారు 5 జీబీ. నా ర్యామ్ రెండు చానళ్ల మీద 3200, అంటే సెకనుకి 51 జీబీ. 51ని 5తో భాగిస్తే సెకనుకి పది టోకెన్లు. ఇది పైకప్పు, నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. 7,000 కోట్ల పారామీటర్ల మోడల్ 4 బిట్‌లలో 40 జీబీ ఉంటుంది. నా 64 జీబీలో పడుతుంది, కానీ సెకనుకి ఒక్క టోకెన్ చూడటమే గగనం. తెలుగు మాటని ఈ మోడళ్లు చాలావరకు ఇంగ్లీషు మాట కంటే ఎక్కువ ముక్కలు చేస్తాయి కాబట్టి మనకి ఒక వాక్యం రావడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. నాకు దీని మీద చాలా పట్టింపు ఉంది, మన భాషలో పని చేసుకునేవాళ్లకి యంత్రం ఎక్కువ బలంగా ఉండాల్సి రావడం న్యాయం కాదు.

పోల్చి చూడాలంటే 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు మీద మెమరీ వేగం సెకనుకి 360 జీబీ. నా ర్యామ్‌కి ఏడు రెట్లు. కానీ 12 జీబీ దాటిన మోడల్ అందులో పట్టదు. అందుకే ర్యామ్ 64 వేయించాను, రాత్రి పెద్ద మోడల్‌కి పని అప్పగించి నిద్రపోతాను. తొందర లేని పనికి కెపాసిటీ, ఎదురుగా కూర్చుని చేసే పనికి వేగం. నాకు అలా కుదిరింది.

భీమవరం ఫోటోగ్రాఫర్ గారూ, మీ విషయంలో సందేహం అక్కర్లేదండి, 32 తీసుకోండి.

భీమవరం ఫోటోగ్రాఫర్:

అందరికీ చాలా థాంక్సండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు.

హనుమకొండ అన్నగారు చెప్పినట్టే మూడు షీట్లు తెరిచి చూశాను. ఇన్ యూజ్ 15.2 జీబీ, ఉన్నది 15.8. కమిటెడ్ 27 పైన చూపిస్తోంది. ఎఫిషియెన్సీ ఒక్క షీటున్నప్పుడు 100, మూడు తెరిచి బ్రష్ వాడుతుంటే 60కి అటూ ఇటూ ఆడుతోంది. ఇంకోటి గమనించానండి, స్క్రాచ్ డిస్క్‌లో సీ డ్రైవ్‌తో పాటు ఈ (E) డ్రైవ్‌కి కూడా టిక్కు ఉంది. ఈ డ్రైవ్ అంటే హార్డ్ డిస్కే. సీ డ్రైవ్‌లో ఖాళీ 20 జీబీ కూడా లేదు.

రెండు సందేహాలు. బోర్డు మీద స్లాట్లు రెండే. 16+16 కొంటే ఇప్పుడున్న రెండూ తీసేయాలి. ఒక్క 16 కొని, ఒక 8 ఉంచేసి, 24 చేసుకుంటే సగం డబ్బు మిగులుతుంది కదా, డ్యుయల్ చానల్ పోతుందా? అలాగే షాపుల్లో 2666 స్టిక్కులు ఇప్పుడు దొరకడం లేదు, 3200వే ఉన్నాయంటున్నారు. వేయొచ్చా?

హనుమకొండ సర్వీసు:

కమిటెడ్ 27, ర్యామ్ 16. పదకొండు జీబీ ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి కదా అన్నా. అందులో చాలావరకు డిస్క్ మీదే తిరుగుతోంది. మీరు కొలిచి చెప్పారు కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నా, మీకు కావలసింది కెపాసిటీయే.

24 గురించి మంచి ప్రశ్న అడిగారు. 16, 8 కలిపి వేస్తే డ్యుయల్ చానల్ పూర్తిగా పోదు. ఇంటెల్‌లో ఫ్లెక్స్ మోడ్ అని ఉంది. 16లోని 8, పక్కన ఉన్న 8 కలిసి డ్యుయల్ చానల్‌గా నడుస్తాయి, మిగిలిన 8 మాత్రం సింగిల్ చానల్. ఫోటోషాప్‌కి ఆ తేడా మీకు కనపడదు. కానీ మీ కమిటెడే 27 ఉంది, 24 వేసిన రోజే అంచు మీద ఉంటారు. కమిటెడ్ అంటే అంతా ఒకేసారి వాడుతున్నారని కాదు, 24తో కూడా ఇప్పటికంటే చాలా నయంగానే ఉంటుంది. చేతిలో డబ్బు లేకపోతే అదే చేయండి, రేపు ఇంకో 16 తెచ్చి 8 తీసేయొచ్చు, కొన్నది వృథా కాదు. ఉంటే మాత్రం ఒకేసారి 32. ఎందుకంటే 2025 చివరి నుంచి ధరలు ఎక్కడికి పోయాయో చూస్తూనే ఉన్నాం. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ప్రపంచంలో మెమరీ చిప్పులు ప్రధానంగా చేసేది ఆ మూడు కంపెనీలే. ముగ్గురూ ఏఐ సర్వర్ల మెమరీ వైపు తిరిగారు. డీడీఆర్4 అయితే పాత తరం, దాన్ని తగ్గించేస్తున్నారు. రేపు చవకవుతుందని ఆగమని నేను చెప్పలేను.

3200 స్టిక్కు నిశ్చింతగా వేయండి. 3200 అనేది జెడెక్‌లోనే ఉన్న స్పీడు. మామూలు 3200 సీఎల్22 స్టిక్కులో సాధారణంగా 2666 ప్రొఫైల్ కూడా ఉంటుంది, మీ బోర్డు దానికి దిగి నడుపుతుంది. టాస్క్ మేనేజర్‌లో 2666 చూపిస్తే కంగారు పడకండి. సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 1333 అని వస్తుంది, అదీ సరైనదే. డీడీఆర్ ఒక్క క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకోవాలి. హీట్‌సింకులు, రంగు లైట్లు ఉన్నవి మీకొద్దు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకోండి. పెట్టిన రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక పెన్‌డ్రైవ్ మీద వేసి తెల్లవార్లూ వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్కు వెనక్కి ఇచ్చేయాల్సిందే. కస్టమర్ల పెళ్లి ఫోటోలు ఉన్న సిస్టమ్ అది, చెడ్డ ర్యామ్ ఉంటే ఫైళ్లు మీకు తెలియకుండానే పాడవుతాయి. ఈ ఒక్కటి మాత్రం బద్ధకించకండి.

స్క్రాచ్ డిస్క్ సంగతి మీరే కనిపెట్టడం సంతోషం. ఆ ఈ డ్రైవ్ టిక్కు ఈరోజే తీసేయండి. సీ డ్రైవ్‌లో పాత డౌన్‌లోడ్లు, డెలివరీ అయిపోయిన పెళ్లిళ్ల ఫోల్డర్లు ఏమన్నా ఉంటే హార్డ్ డిస్క్‌కి మార్చి కనీసం వంద జీబీ ఖాళీ చేయండి. ర్యామ్ వచ్చేలోపు మీకు కొంత ఊపిరాడుతుంది. హిస్టరీ 50 నుంచి 20కి తగ్గించండి.

హాస్టల్ గేమర్:

నాది కూడా ఒకటి అడగనా అన్నా? డీడీఆర్5 సిస్టమ్ కడుతున్నాడు మా సీనియర్. ఇప్పుడు 16+16 తీసుకుని, తర్వాత ఇంకో 16+16 వేసి 64 చేస్తాడట. ఏఎం5 బోర్డు, రైజెన్ 7600.

హనుమకొండ సర్వీసు:

వద్దని చెప్పు తమ్ముడూ. డీడీఆర్4లో నాలుగు స్టిక్కులు సర్దుకుపోయేవి. డీడీఆర్5లో అలా కాదు. రైజెన్ 7000కి రెండు స్టిక్కులైతే ఏఎండీ హామీ ఇచ్చేది 5200, ఎక్స్‌పో ప్రొఫైల్‌తో (ఎక్స్‌ఎంపీ లాంటిదే, ఏఎండీది) 6000 మామూలుగా నడుస్తుంది. నాలుగు పెడితే హామీ 3600కి పడిపోతుంది. అంతకంటే పైన నడిచినా అది అదృష్టం. కెపాసిటీ పెంచబోయి వేగం పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. 64 కావాలని ఖాయంగా తెలిస్తే మొదటే 32+32. అంత డబ్బు లేకపోతే 16+16తో ఆగి, అవసరమైన రోజున అవి అమ్మి మార్చుకోమను.

భీమవరం ఫోటోగ్రాఫర్:

నమస్కారమండి, సంగతి చెప్పాలి కదా. 16+16 మామూలు 3200 తీసుకున్నాను, మా ఊరి అబ్బాయే పెట్టాడు. విజయవాడ షాపుకి ఫోన్ చేసి నా బోర్డులో 3600 నడుస్తుందా అని అడిగితే "బయోస్‌లో పెట్టుకోవచ్చు" అన్నారు, ఇక వాదించలేదు. టాస్క్ మేనేజర్‌లో 2666 చూపిస్తోంది, మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్ ఒక్కటీ రాలేదు.

నాలుగు షీట్లు తెరిచినా ఎఫిషియెన్సీ 100 దగ్గరే ఉంటోంది. ఇన్ యూజ్ 23, 24 జీబీ చూపిస్తోంది. బ్రష్ చేతితో పాటే కదులుతోంది. నిన్న ఒక కుటుంబం వచ్చి కూర్చుంటే షీట్లన్నీ వాళ్ల ముందే ఫైనల్ చేయించుకున్నాను, మళ్లీ రమ్మనే పని లేకుండా. మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక్కటి మాత్రం మారలేదండి. పెద్ద పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) సేవ్ చేస్తే ఇప్పటికీ నిమిషం పైగా పడుతోంది. ర్యామ్ ఇంకా పెంచాలా?

హనుమకొండ సర్వీసు:

చాలా సంతోషం అన్నా. సేవ్‌కి ర్యామ్‌తో సంబంధం లేదు, ఇంక ఒక్క రూపాయి కూడా ర్యామ్ మీద పెట్టకండి. సేవ్ చేసేటప్పుడు ఫోటోషాప్ ఫైల్‌ని కుదిస్తుంది, అక్కడే ఎక్కువ సమయం పోతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్‌కి వెళ్లండి. పీఎస్‌డీ, పీఎస్‌బీ ఫైళ్లకి కంప్రెషన్ ఆపేసే ఆప్షన్ ఉంటుంది, టిక్కు పెట్టండి. ఫైళ్లు బాగా పెద్దవవుతాయి, పీఎస్‌డీకి 2 జీబీ హద్దు ఉంది కాబట్టి అది దాటేవి పీఎస్‌బీగా (పెద్ద ఫైళ్ల కోసం ఉన్న రకం) సేవ్ చేసుకోండి. పని జరుగుతున్న ఆల్బమ్ ఫోల్డర్ ఎస్‌ఎస్‌డీలో ఉంచి, డెలివరీ అయ్యాక హార్డ్ డిస్క్‌కి మార్చండి. అప్పటికీ ఎక్కువసేపు పడుతుంటే ఎంత సైజు ఫైలో, ఎన్ని సెకండ్లో చెప్పండి, చూద్దాం.